ఉప్పు తగ్గించమన్నారు

"నీకు తెలుసనుకున్న అక్కా," అంది నమ్రత మళ్ళీ.

జయంతి వేళ్ళ మధ్య చిటికెడు ఉప్పు అలాగే ఉంది. ముందున్న గిన్నెలో పెసర మొలకలు, సన్నగా తరిగిన కీరా, కొత్తిమీర. టోస్టుల మీద పెట్టడానికి అన్నీ కలిపి ఉప్పు వేయబోతుంటే తోటికోడలు నమ్రత చెయ్యి అడ్డం పెట్టింది. "బావగారికి డాక్టర్ ఉప్పు తగ్గించమన్నడు గదా," అంది. స్టవ్ మంట తగ్గించమన్నంత మామూలుగా అంది.

ఏ డాక్టర్ అని జయంతి అడిగాక గానీ, తను ఏం అన్నదో నమ్రతకి తెలియలేదు.

"చెప్పు నమ్రతా."

"నేనెట్ల చెప్త అక్కా. బావగారినే అడుగు."

"ఆయన ఐస్ తేవడానికి వెళ్ళారు. నువ్వు నా ఎదురుగా ఉన్నావు. చెప్పు."

నమ్రత గుమ్మం వైపు చూసింది. కింద బేస్‌మెంట్‌లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. కూతురు తార అక్కడే ఉంది. సాయంత్రం పార్టీ. కార్ల విడిభాగాల కంపెనీలో జయంతి భర్త శ్యామ్‌సుందర్ డైరెక్టర్ అయ్యాడు. సోమవారం నుంచి కొత్త పదవి. ఆఫీస్ వాళ్ళూ, తాముండే నోవై ఊళ్ళో తెలిసిన తెలుగు కుటుంబాలూ వస్తున్నారు.

"పోయిన నెల నీకు హాస్పిటల్ డ్యూటీ ఉన్న ఒక సండే," అంది నమ్రత గొంతు తగ్గించి. "బావగారికి ఛాతీల నొప్పి లేసింది. తార కార్ల తీస్కపోయింది. మాకు ఫోన్ చేస్తే అవినాష్ ఉరికిండు. యాంజియోగ్రామ్ జేసిండ్రు. బ్లాక్స్ ఉన్నయన్నరు."

"ఎన్ని?"

"మూడు."

"ఏ హాస్పిటల్?"

"ఆన్ ఆర్బర్‌ల."

జయంతి ఉప్పుని తిరిగి డబ్బాలోకి వదిలేసింది. ఛాతీ నొప్పితో ఉన్న మనిషి, ఇంటికి దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌ని దాటుకుని, మంచు రోడ్డు మీద, లైసెన్స్ వచ్చి ఆర్నెల్లు కాని పిల్లతో కారు నడిపించుకుని, ఆన్ ఆర్బర్ దాకా వెళ్ళాడు. ఎందుకో అడగాల్సిన పని లేదు. దగ్గర్లో ఉన్న ఆ హాస్పిటల్‌లోనే జయంతి నర్సింగ్ చదువు తాలూకు క్లినికల్స్ శిక్షణలో ఉంది.

"స్టెంట్స్ వేస్తరట. మండే," అంది నమ్రత. "అవినాష్ లీవ్ పెట్టిండు. అక్కా, ఒట్టు, నీకు చెప్పిండ్రనే అనుకున్న. చెప్పకుండ ఎట్ల ఉంటరు?"

"అవినాష్‌కి తెలుసు నాకు తెలియదని."

భర్త పేరు వినగానే నమ్రత చూపు కొత్తిమీర మీదికి దించుకుంది. దాంతోనే అంతా చెప్పేసింది.

అవెన్ కూత పెట్టింది. జయంతి గ్లవ్ తొడుక్కుని ట్రే బయటికి తీసింది. సన్నగా కోసి ఆలివ్ ఆయిల్ పూసిన బ్రెడ్ ముక్కలు అంచుల దగ్గర బంగారు రంగులోకి తిరిగాయి. వాటిని ఒక్కొక్కటే జాలీ మీద సర్దింది. వేడి మీద పళ్ళెంలో పేరిస్తే అడుగు మెత్తబడిపోతుంది. చేతులకి ఆ సంగతి తెలుసు. అవి పని చేసుకుపోతున్నాయి.

"బజ్జీలూ వద్దు, సమోసాలూ వద్దు," అన్నాడు శ్యామ్‌సుందర్ పది రోజుల క్రితం. "నీకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నూనె మూకుడు ముందు నిలబడి ఎందుకు శ్రమ? టోస్టులు చెయ్యి. చిటికెలో అయిపోతాయి. హెల్దీగా కూడా ఉంటాయి." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తన శ్రమ గురించి అంతలా ఆలోచించడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఫోన్‌లో చెల్లెలికి కూడా చెప్పుకుంది. ఉత్సాహంగా కూర్చుని రకరకాలు అనుకుంది. మొలకల టోస్ట్, అవకాడో మెదిపి పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన టోస్ట్, అవెన్‌లో కాల్చిన వంకాయ పచ్చడి టోస్ట్, నీరంతా వడకట్టిన పెరుగు మీద దానిమ్మ గింజలు.

ఈ మధ్య మంచు పడ్డప్పుడల్లా అవినాష్ తెల్లారకముందే వచ్చి డ్రైవ్‌వే మీది మంచు ఎత్తిపోసేవాడు. అన్నగారి మీద ఎంత ప్రేమో అనుకుంది. వేడివేడిగా ఫిల్టర్ కాఫీ చేసి ఇచ్చేది. ఆ కాఫీ తాగుతూ కూడా అతను నోరు విప్పలేదు.

గరాజ్ తలుపు పైకి లేచిన చప్పుడైంది.

"అక్కా, ఇప్పుడొద్దు," అంది నమ్రత. "అందరు వచ్చే టైం అయితుంది. రేపు మాట్లాడుకోరాదు."

జయంతి చేతులు తుడుచుకుంది. "అవకాడోలో నిమ్మరసం పిండు. లేకపోతే నల్లబడిపోతుంది."

*

గరాజ్ పక్కన లాండ్రీ గదిలో నిలబడి చూసింది. అవినాష్ బేస్‌మెంట్ నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "అన్నయ్యా, నువ్వు ఎత్తకు," అంటూ రెండు ఐస్ సంచులూ తనే అందుకున్నాడు. శ్యామ్‌సుందర్ ఖాళీ చేతులతో బూట్ల మంచు దులుపుకుంటున్నాడు. నిన్న చూసి ఉంటే ఇందులో విశేషమేమీ కనపడేది కాదు.

"వదినా, ఇవి ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు అవినాష్.

ఆమె అతని మొహం వైపు చూసింది. అవినాష్ చూపు తిప్పుకుని, సంచులతో సహా లోపలికి వెళ్ళిపోయాడు.

జయంతి తలుపు వేసింది.

"ఎప్పుడు చెప్పాలనుకున్నారు?"

శ్యామ్‌సుందర్ బూటు తాడు విప్పుతున్నవాడు ఆగాడు. ఏమిటని అడగలేదు. "నమ్రత చెప్పిందా?"

"ఆ పిల్ల నోరు జారింది. చెప్పాల్సింది ఆ పిల్ల కాదు."

"నీ ఫైనల్స్ అయ్యాక చెబుదామనుకున్నాను."

"నా ఫైనల్స్ మేలో. మీ ప్రొసీజర్ ఎల్లుండి."

డ్రయర్‌లో ఏదో బట్టల గుండీ తిరుగుతూ తగులుతోంది.

"అంటే ఎల్లుండి కూడా చెప్పకుండానే వెళ్ళొద్దామనుకున్నారు," అంది.

"ఒక్క రోజు పని జయంతీ. మర్నాటికి ఇంటికి వచ్చేస్తాను. ఆఫీస్ ట్రిప్ అని..."

"ఆఫీస్ ట్రిప్ అని."

"నువ్వు కంగారు పడతావని. అంతే."

"నేను నేర్చుకుంటున్నది ఏమిటో గుర్తుందా మీకు? ముక్కూమొహం తెలియని వాళ్ళ గుండె మీద స్టెతస్కోప్ పెట్టి వింటున్నాను. వాళ్ళ భార్యలకి నేను ధైర్యం చెబుతున్నాను. ఉప్పు ఎలా తగ్గించాలో, మందులు ఎప్పుడు వేసుకోవాలో కూర్చోబెట్టి చెబుతున్నాను. ఇంటికొచ్చి మీ పక్కనే పడుకుంటున్నాను."

"నీకు తెలుసుకోవడం చేతకాదని కాదు," అన్నాడు శ్యామ్‌సుందర్. కొంచెం ఆగి, "నీకు దాచుకోవడం చేతకాదు. ఏదున్నా నీ మొహం చెప్పేస్తుంది. ఇవాళ వచ్చేవాళ్ళలో సగం మంది ఆఫీస్ వాళ్ళు. మా బాస్ శేషగిరి గారొక్కరికి అనుమానం వస్తే చాలు. కుర్చీలో కూర్చోకముందే వీడికి హార్ట్ ప్రాబ్లమ్ అని తెలిస్తే ఏమవుతుందో నీకు తెలియదు."

"అందుకని నాకు బదులు తారకి నేర్పారా, దాచుకోవడం?"

అతను మళ్ళీ బూటు తాడు మీదికి వంగాడు.

"పదిహేడేళ్ళ పిల్ల. మీరు పక్కన ఛాతీ పట్టుకుని కూర్చుంటే హైవే మీద కారు నడిపింది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి ఏం తిన్నావే అని అడిగితే పిజ్జా అంది. పిజ్జా అని ఎంత బాగా చెప్పిందో."

"తప్పే," అన్నాడు. "తప్పే జయంతీ. ఆ రోజు ఏం తోచలేదు. ఆ తర్వాత చెప్పే దారి దొరకలేదు. రోజులు గడిచే కొద్దీ ఇంకా కష్టమైపోయింది."

గొంతులో నిజంగానే అలసట ఉంది. కళ్ళ కింద నలుపు ఉంది. అది కొత్త పదవి ఒత్తిడి అనుకుంది ఇన్నాళ్ళూ. నర్స్‌ని అవుతున్నాను, ఎదురుగా ఉన్న మనిషి రంగు మారడం ఎలా కనిపించలేదు నాకు, అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయన మీద కోపం ఇంకా పెరిగింది. తప్పు ఆయనది. సిగ్గు తనకి మిగిల్చాడు.

"ఇంకేమైనా ఉందా?"

"ఏమిటి?"

"నాకు తెలియనిది. మీకు, మీ తమ్ముడికి, నమ్రతకి, తారకి తెలిసి నాకు తెలియనిది."

"లేదు."

"నన్ను చూసి చెప్పండి."

శ్యామ్‌సుందర్ తలెత్తి చూశాడు. "లేదు జయంతీ. ఇంతే. ఇక మీదట నీ దగ్గర ఏదీ దాచను." దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు. దగ్గరికీ జరగలేదు. నమ్మాలని మాత్రం చాలా ఉంది. కోపాన్ని అలా పక్కన పెట్టి, ఎల్లుండికి ఏం కావాలో చూసుకోవాలనిపించింది. మిగతా పోట్లాట ఆయన ఇంటికి తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

డోర్‌బెల్ మోగింది.

"మొహం కడుక్కుని రా," అన్నాడు మెల్లగా. అని, ఆమె కంటే ముందే హాల్లోకి వెళ్ళిపోయాడు. "రండి రండి శేషగిరి గారూ, రోడ్లు ఎలా ఉన్నాయి?" అన్న అతని గొంతు తలుపు ఇవతలికి వినిపించింది. అందులో అలసట లేదు.

*

వంటింట్లో నమ్రత లేదు. అవకాడో గిన్నె మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, కిందకి వెళ్ళిపోయినట్టుంది. కౌంటర్ దగ్గర తార నిలబడి బ్రెడ్ ముక్కలని పళ్ళెంలో వరసగా పేరుస్తోంది.

జయంతి ఆమె పక్కకి వెళ్ళి నిలబడింది. మొలకలు ఒక్కో చెంచా తీసి టోస్టుల మీద పెట్టడం మొదలుపెట్టింది. తల్లీ కూతుళ్ళ మోచేతులు తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

"నమ్రతా పిన్ని చెప్పింది, నీకు తెలిసిపోయింది అని," అంది తార చివరికి.

"ఆ వంకాయ పచ్చడి ఇటు జరుపు."

"అమ్మా, ఆర్ యూ మ్యాడ్?"

"పలచగా రాయి. మందంగా రాస్తే జారిపోతుంది."

తార చెంచా పట్టుకుని రాసింది. పచ్చడి అంచు దాటి కౌంటర్ మీద పడింది. తుడవబోతే జయంతి తనే తుడిచింది, కూతురి వైపు చూడకుండా.

కృష్ణకుమారి గారు వంటింట్లోకి వచ్చారు. శేషగిరి గారి భార్య ఆవిడ. పట్టుచీర కింద మందపాటి ఉన్ని మేజోళ్ళు వేసుకున్నారు. "ఏమిటమ్మా ఇవన్నీ, రంగురంగులుగా? బజ్జీలు లేని తెలుగువాళ్ళ పార్టీ చూడడం ఇదే," అని ఒక పెరుగు టోస్ట్ తీసుకుని కొరికారు. "అబ్బ, కరకరలాడుతోంది. శ్యామ్ చెప్పాడులే. జయంతికి పరీక్షలు, దాన్ని కష్టపెట్టడం ఇష్టం లేక నేనే టోస్టులు చాలన్నానండీ, అన్నాడు. మా ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి అనలేదమ్మా ఆ మాట. అదృష్టవంతురాలివి."

"అవునండీ," అంది జయంతి.

తార తల వంచుకుంది.

ఆవిడ ఇంకో రెండు టోస్టులు పేపర్ ప్లేట్‌లో పెట్టుకుని హాల్లోకి వెళ్ళారు. అక్కడ నవ్వులు, గ్లాసుల చప్పుళ్ళు. ఎవరో శ్యామ్‌సుందర్‌ని డైరెక్టర్ గారూ అని పిలుస్తున్నారు.

"అమ్మా," అంది తార. "నేను ఒకటి చెప్తే నువ్వు యెల్ చెయ్యవు కదా."

"నేను అరవగా ఎప్పుడు చూశావు?"

"అదే. నువ్వు అరిస్తే ఈజీగా ఉండేది."

జయంతి చెంచా కింద పెట్టి మొదటిసారి కూతురి వైపు తిరిగింది. తార బొటనవేలి గోరు చుట్టూ చర్మం కొరికి కొరికి ఎర్రగా అయిపోయింది. చిన్నప్పటి అలవాటు అది. ఎప్పుడో మానేసింది. మళ్ళీ ఎప్పుడు మొదలైందో తను చూడలేదు.

"చెప్పు."

"డాడ్ మండే వెళ్ళట్లేదు."

"ఎక్కడికి?"

"హాస్పిటల్‌కి. క్యాన్సిల్ చేసేశాడు."

జయంతికి ఆ మాట వినపడింది. అర్థం మాత్రం వెంటనే అందలేదు.

"నిన్న స్కూల్ నుంచి నన్ను పిక్ చేసుకున్నాడు," తార త్వరత్వరగా చెప్పసాగింది. "కార్‌లో ఉండగా హాస్పిటల్ నుంచి కాల్ వచ్చింది. స్పీకర్‌లో. మండే ఏం తినకుండా రావాలి, ఏ డోర్ దగ్గరికి రావాలి, అవన్నీ చెప్తోంది ఆమె. డాడ్ ఏమో, నేను రాలేను, క్యాన్సిల్ చెయ్యండి అన్నాడు. ఆమె వద్దు అంది అమ్మా. డాక్టర్‌తో మాట్లాడండి, వెయిట్ చెయ్యడం మంచిది కాదు అని రెండుసార్లు అంది. డాడ్ థాంక్యూ అని పెట్టేశాడు."

"బాబాయికి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. సండే నైట్ బాబాయికి కాల్ చేసి హాస్పిటల్ వాళ్ళే పోస్ట్‌పోన్ చేశారు అని చెప్తాడంట. మండే కొత్త టీమ్‌తో ఫస్ట్ మీటింగ్ ఉంది అన్నాడు. నేను ఏడ్చాను. అప్పుడు కార్ సైడ్‌కి ఆపి, తాతగారు కూడా చిన్న ఆపరేషన్ అని లోపలికి వెళ్ళి బయటికి రాలేదు కదా తారా, నాకు కొంచెం టైం ఇవ్వు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. నేను ఓకే అన్నాను." తార బొటనవేలి గోరు గిల్లుకుంది. "ఓకే అని ఎందుకు అన్నానో తెలీదు. రాత్రి లేచి మీ రూమ్ డోర్ దగ్గరికి వచ్చి విన్నాను, డాడ్ బ్రీత్ చేస్తున్నాడా అని."

జయంతి కూతురి తలని దగ్గరికి తీసుకుని భుజానికి ఆనించుకుంది. లాండ్రీ గదిలో ఆయన తన కళ్ళలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. ఇంతే, ఇంకేం లేదు. ఎంత స్థిరంగా చూశాడు. అప్పటిదాకా ఆయన భయపడి దాచాడనుకుంది, మొహమాటపడి దాచాడనుకుంది. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు. తమ్ముడు లీవ్ పెట్టుకున్నాడు. ఆ తమ్ముణ్ణి కూడా మోసం చేస్తున్నాడు. అందరికంటే ఎక్కువ బరువు తీసుకెళ్ళి ఈ పిల్ల మీద పెట్టాడు. తనేమో ఇందాకటి నుంచి ఈ పిల్లతోనే మొహం చూసి మాట్లాడకుండా నిలబడింది.

"నీ తప్పు లేదు," అంది. "విన్నావా? ఇందులో నీ తప్పు ఏమీ లేదు."

"డాడ్‌కి చెప్తావా, నేను చెప్పాను అని?"

"చెప్పను."

"మరి ఏం చేస్తావు?"

జయంతికి తెలియదు. నిండిన పళ్ళేన్ని చేతిలోకి తీసుకుంది. "మొహం కడుక్కో. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు," అని హాల్లోకి నడిచింది.

సోఫా చుట్టూ మగవాళ్ళు గుమిగూడి ఉన్నారు. మధ్యలో శ్యామ్‌సుందర్ నిలబడి ఏదో ప్లాంట్ సంగతి చెబుతున్నాడు. శేషగిరి గారు నవ్వుతూ వింటున్నారు. కొంచెం వెనకగా, గోడకి ఆనుకుని అవినాష్. వదినని చూడగానే అతను తల దించుకున్నాడు. తప్పు చేసినవాడి మొహం అది. పాపం, ఇతనికి తెలిసింది కూడా సగమే, అనుకుంది జయంతి.

పళ్ళెం అందరి ముందూ తిప్పింది. ఒక్కొక్కరూ టోస్ట్ తీసుకున్నారు. బాగున్నాయన్నారు. ఆమె నవ్వుతూ నాప్కిన్లు అందించింది. చివరికి భర్త ముందుకి వచ్చి ఆగింది. ఆయన ఆమె మొహం వైపు కొంచెం బెదురుగా చూశాడు. తర్వాత స్థిమితపడ్డాడు.

"సోమవారం ఎన్నింటికి బయల్దేరాలండీ?" అంది జయంతి. చిన్న గొంతుతోనే అంది. అవినాష్‌కి వినపడేంత.

చెప్పెయ్యండి, అనుకుంది లోపల. పక్కకి పిలిచి చెప్పండి. భయం వేస్తోందని చెప్పండి. ఒక్క మాట.

"ఎక్కడికి బయల్దేరడం?" అన్నారు శేషగిరి గారు.

"చిన్న పనిలెండి, ఇంటి పని," అన్నాడు శ్యామ్‌సుందర్ ఆయనతో. భార్య వైపు తిరిగి ఆప్యాయంగా నవ్వాడు. "తెల్లారకముందే బయల్దేరాలి. నువ్వూ వద్దువుగాని."

గోడ దగ్గర అవినాష్ తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం కనపడింది. అన్నావదినలు మాట్లాడుకున్నారు, అంతా సర్దుకుందని అతను అనుకున్నట్టుంది.

"అయితే రేపు బ్యాగ్ సర్దనా?" అంది జయంతి.

"సర్దు," అన్నాడు శ్యామ్‌సుందర్, పళ్ళెంలోంచి ఒక టోస్ట్ అందుకుంటూ.